పదహారు రూపాయల తప్పు

పోయిన నెల ఈ శీర్షికలో మామూలు ప్రశ్నలు పక్కన పెట్టి, ఏడాదిపాటు నేను చదివిన పుస్తకాల గురించీ, నా సొంత వెబ్‌సైటులో చేసిన మార్పుల గురించీ ఒక పేజీ రాశాను. 31 పుస్తకాలు మొదలుపెట్టి 19 పూర్తి చేశాననీ, సైటులో 143 మార్పులు చేస్తే అందులో కొత్త వ్యాసాలు తొమ్మిదేననీ, మిగతావన్నీ దిద్దుబాట్లేననీ లెక్క చెప్పాను. ఫోను ఎందుకు వేడెక్కుతోంది, ఫొటోలు ఎక్కడ దాచుకోవాలి అని అడిగే మీరంతా ఈసారి నా లెక్కల మీద పడ్డారు. వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇవీ జవాబులు.

*ఉద్యోగం, ఆ పైన ఇల్లు. ఇందులో 19 పుస్తకాలు ఎప్పుడు చదివారు? నిజం చెప్పండి.*
– ఒక గృహిణి, తెనాలి

తెనాలి వాళ్లకు అబద్ధం చెబితే దొరికిపోతాను. మా అమ్మమ్మగారిదీ ఆ ఊరే. నిజమే చెబుతాను, ఇంట్లో చదివింది బహు తక్కువ. ఇంట్లో పుస్తకం తెరిస్తే కుక్కర్ కూత వేస్తుంది, లేకపోతే మా అబ్బాయి వేస్తాడు. నా చదువంతా మెట్రో రైలులో. కేపీహెచ్‌బీలో ఎక్కి అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలు మారతాను. పొద్దున ఆఫీసుల వేళ అమీర్‌పేటలో రైలు మారడమంటే తిరనాళ్లలో ప్రభ పక్కన నడిచినట్టే. అక్కడ పుస్తకం సంచీలోకి పోవలసిందే. మొదటి రైలులో ఓ పావుగంట, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఇంకో పావుగంట, అంతే.

సీటు దొరకదు కాబట్టి ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో పుస్తకం. అందుకే నా జాబితాలో కథల సంపుటాలు ఎక్కువ, లావుపాటి నవలలు తక్కువ. చూసినవాళ్లు ఇది నా అభిరుచి అనుకుంటారు. కాదు, మణికట్టు నొప్పి.

మీరు 19 గురించే అడిగారు గానీ, నాకు ఆ మిగిలిన 12 గురించే చెప్పాలనుంది. మూడు నచ్చక వదిలేశాను. ఒకటి మా ఆడపడుచు తీసుకెళ్లింది, ఇంతవరకు రాలేదు. ఎనిమిదింటి విషయంలో తప్పు నాదే. ఒకటి సగంలో ఉండగానే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంకోటి కంటపడుతుంది, కొత్త కోడలు రాగానే పాత కోడలు వంటింట్లోకి పోయినట్టు ముందుది అలమరలోకి పోతుంది. సైటులో వదిలేసిన వాటి పేర్లు కూడా ఏ పేజీ దగ్గర ఆగానో అంకెతో సహా పెట్టాను. అంతకుముందు నాలుగేళ్లు పూర్తి చేసినవే పెట్టేదాన్ని. అప్పుడు జాబితా పొడుగు కనిపించడం కోసం సన్నటి పుస్తకాలు వెతికి చదవడం మొదలైంది. డిసెంబరు ఆఖరి వారంలో పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి లెక్కలో వేసుకున్న రోజున సిగ్గేసి పద్ధతి మార్చాను.

*మీరు ప్రోగ్రామర్ కదా, 19లో ప్రోగ్రామింగ్ పుస్తకాలు రెండేనా? ఏఐ కోడ్ రాసిపెడుతుంటే ఆ రెండు మాత్రం ఎందుకు?*
– ఇంజనీరింగ్ మూడో ఏడాది విద్యార్థి, అనంతపురం

రెండే బాబూ. ఆ రెండూ నీకంటే పాతవి, నేను మళ్లీ చదివినవి. ఒకటి కెర్నిగన్, రిచీ కలిసి రాసిన సీ భాష పుస్తకం. 1978లో వచ్చింది, 1988లో రెండో కూర్పు. మూడు వందల పేజీలు కూడా ఉండదు. ఒక భాష మొత్తాన్ని అంత సన్నటి పుస్తకంలో చెప్పగలిగారంటే ఏం వదిలేయాలో వాళ్లకు తెలిసి ఉండాలి. నేను మళ్లీ చదివింది అది చూడ్డానికే.

రెండోది ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసిన ‘ది మిథికల్ మ్యాన్-మంత్’. ఐబీఎం 360 కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేయించిన పెద్దమనిషి ఆయన. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్త మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని అందులో చెప్పాడు. ఏప్రిల్‌లో మా పని ఒకటి మూడు వారాలు వెనకబడింది. పైవాళ్లు టెన్షన్ పడి నలుగురు కొత్తవాళ్లను ఇచ్చారు. పిల్లలు మంచివాళ్లే. కానీ వాళ్లకు పని చెప్పడానికి పని తెలిసిన ఇద్దరం కూర్చోవలసి వచ్చింది. పెళ్లివారు గుమ్మంలో ఉంటే వంటమనిషి గరిటె కింద పెట్టి, సాయానికి వచ్చినవాళ్లకు ఉప్పు ఎక్కడుందో చూపిస్తూ తిరిగినట్టయింది. మూడు వారాలు ఆరయ్యాయి. ఆ వారమే ఈ పుస్తకం మళ్లీ తీశాను. మా మేనేజరు బల్ల మీద పెడదామనుకుని, జీతం గుర్తొచ్చి మానేశాను.

ఏఐ మాటకొస్తే, నేనూ దానిచేత రాయిస్తున్నాను. అది రాసింది తప్పని పట్టుకోవడానికి మాత్రం నాకు తెలిసుండాలి. అలా ఒకసారి ఏం జరిగిందో కింది జవాబులో చూడు.

*మీ సైటులో పాత పేజీలు ఇన్నాళ్లూ పిచ్చి గీతల్లా ఉండేవి, ఇప్పుడు శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఏం చేశారు? ఒక పద్యం దగ్గర మాత్రం నా ఫోనులో చిన్న డబ్బా కనిపిస్తోంది.*
– ఒక పాఠకుడు, డాలస్

పోయిన ఏడాది ఎక్కువ రాత్రులు దీనికే పోయాయి కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

2003లో గుంటూరులో ఎంసీఏ చదువుతూ, గంటకింత అని డబ్బు కట్టే నెట్ సెంటర్‌లో కూర్చుని మొదటి పేజీలు పెట్టాను. అప్పుడు తెలుగు పత్రికలు ఎవరి ఫాంటు వాళ్లవి. ఈ పత్రిక చదవాలంటే ఈ ఫాంటు, ఆ పత్రికకు ఆ ఫాంటు దించుకోవాలి. అన్ని భాషల అక్షరాలకూ విడివిడిగా నంబర్లిచ్చే పద్ధతి యూనికోడ్, అందులో తెలుగుకు 128 గళ్లు అప్పటికే కేటాయించి ఉన్నా, ఆ నెట్ సెంటర్ కంప్యూటర్లకు ఆ సంగతి తెలియదు. నేనూ దొరికిన ఫాంటే వాడాను. ఆ ఫాంట్ల కిటుకు ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉండాల్సిన గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెడతారు. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క. ఫాంటు ఉన్నవాడికి తెలుగు, లేనివాడికి మీరన్న పిచ్చి గీతలు.

అలాంటి పేజీలు 41. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. ఏ ముక్కకు ఏ అక్షరమో చెప్పే పట్టిక మాత్రం బద్ధకించి ఏఐ చేత చేయించాను. బాగానే చేసింది. తీరా చదివితే ‘మాట’ అన్న చోటల్లా ‘వూట’ అని ఉంది, ‘ఆమె’ కాస్తా ‘ఆవెు’ అయింది. మా పాత ఫాంటులో ‘మ’ అనే అక్షరమే లేదు మరి! ‘వ’ రాసి పక్కన కొమ్ము తగిలిస్తే ‘మ’. పలక మీద దిద్దిన మనిషికి అది చూడగానే తెలుస్తుంది. పట్టిక చేసినదానికి తెలియలేదు. ఎక్కడ నిజంగా ‘వు’, ఎక్కడ ‘మ’ అని తేల్చడానికి 41 పేజీలూ నేనే పైకి చదువుకున్నాను. 22 ఏళ్ల వయసులో నేను రాసిన రాతలు అన్నీ ఒక్కసారి చదవాల్సి రావడం కూడా ఒక శిక్షే.

రెండో పని అక్షరాల లెక్క. మొదటి పేజీలో పేరు పొడుగైతే 20 అక్షరాల దగ్గర కత్తిరించి చుక్కలు పెట్టేలా రాసుకున్నాను. ఒకరోజు చూస్తే ‘మొక్కపాటి నరసింహశాస్’ అని ఉంది. ‘స్త్రి’ మనకు ఒక అక్షరం. కంప్యూటరుకు అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి, మొత్తం ఆరు. కత్తెర సరిగ్గా మొదటి పొల్లు తర్వాత పడి శాస్త్రిగారి తోక తెగింది. యూనికోడ్ వాళ్లు సైతం చాలాకాలం దీన్ని మూడు ముక్కలుగానే లెక్కపెట్టారు. 2023లో వచ్చిన 15.1 కూర్పులో, తెలుగుతో పాటు కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరాన్ని మధ్యలో విడగొట్టకూడదని నియమం చేర్చారు. ఆ నియమం తెలిసిన కత్తెర తెచ్చి పెట్టాను.

మూడోది కంటికి కనపడనిది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట్ తర్వాత కనిపించని గుర్తు ఒకటి వేస్తాం. అది లేకపోతే ట కింద వ వత్తు వచ్చి కూర్చుంటుంది. నేను కొన్ని చోట్ల ఆ గుర్తు వేశాను, కొన్ని చోట్ల వేయలేదు. అందువల్ల నా సైటులో నేను రాసిన మాట వెతికితే నాకే సగం దొరికేవి కావు. ఇప్పుడు వెతికేటప్పుడు ఆ గుర్తును పట్టించుకోవద్దని చెప్పాను. ఆ గుర్తును తక్కువ అంచనా వేయకండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరంలో ఇది ఒక తేడా చోట పడితే అది అందిన ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఫోను సాఫ్ట్‌వేరుకు 11.2.6 అనే కొత్త కూర్పు వస్తేగానీ కుదుటపడలేదు. మన ‘జ్ఞానం’లో మొదటి అక్షరానికి అంత బలం ఉందని చిన్నప్పుడు తెలిసుంటే ఇంకాస్త శ్రద్ధగా దిద్దేదాన్ని.

ఇక మీ డబ్బా. అది నకారపొల్లు. పాత పుస్తకాల్లో పదం చివర వచ్చే ‘న్’కు విడిగా ఒక రూపం ఉండేది. యూనికోడ్‌లో దానికి 2021లో చోటు దొరికింది. మీ ఫోనులో ఉన్న ఫాంటు ఇంకా దాన్ని నేర్చుకోలేదు. నా ఫోనులోనూ డబ్బానే. మామూలు ‘న్’ పెట్టేస్తే గొడవ వదులుతుంది, తెలుసు. అయినా మార్చను. అచ్చులో ఎలా ఉందో అలా ఎక్కించాలనే ఆ పద్యం ఎక్కించాను. డబ్బా కింద చిన్న అక్షరాల్లో ‘ఇది నకారపొల్లు’ అని రాసిపెట్టాను, అదీ ఈ నెలే.

*ఫేస్‌బుక్‌లో రాసుకుంటే సరిపోదా? సొంత సైటుకు ఖర్చెంత?*
– చిన్న వ్యాపారి, వరంగల్

సైటు పేరుకు, అంటే అడ్రసుకు, నాకు ఏడాదికి వెయ్యి రూపాయల లోపు. పేజీలు పెట్టుకునే చోటు నాకు ఉచితం, ఎందుకంటే నా సైటులో డేటాబేసు లాంటివేమీ లేవు, ఉత్త ఫైళ్లే. ఫేస్‌బుక్‌లో చదివేవాళ్లు ఎక్కువ, నిజమే. కానీ ఆర్నెల్ల కింద రాసింది వెతకండి చూద్దాం. పైగా ఒకరి వాకిట్లో ముగ్గేస్తే వాళ్లు ఎప్పుడైనా కడిగేయొచ్చు. 2003 నాటి నా పేజీలు ఉచితంగా చోటిచ్చిన ఒక కంపెనీ దగ్గర ఉండేవి. ఓ రోజు ఆ కంపెనీ దుకాణం కట్టేసింది. ఒక సీడీలో కాపీ ఉండబట్టి ఆ 41 పేజీలూ బతికాయి. ఆ సీడీ పెళ్లి ఫొటోల డబ్బాలో దొరికింది.

*కాగితం పుస్తకమా, ఈ-బుక్కా?*
– నంద్యాల

కాగితం. కరెంటు పోతే ఈ-బుక్.

*జూన్‌లో వేటపాలెం వెళ్లానని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మా ఊరి పక్కనే. ఏం చూశారు?*
– ఒక పాఠకురాలు, చీరాల

సారస్వత నికేతనం చూశానండీ. 1918లో పుట్టిన గ్రంథాలయం. భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. మా నాన్నగారు కాలేజీ రోజుల్లో చీరాలలో బంధువుల ఇంట్లో ఉండి సెలవుల్లో అక్కడికి నడిచి వెళ్లేవారట. ఆయన పోయాక ఆ ఊరికి వెళ్లడం ఇదే మొదలు. పాత పత్రికల సంపుటాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పేజీ తిప్పుతుంటే అంచు పొడిపొడిగా వేలికి అంటుకుంటుంది. భయమేసి, ప్రతి పేజీనీ రెండు చేతులా పసిపిల్లను ఎత్తినట్టు తిప్పాను. డాలస్ పాఠకుడికి డబ్బా కనిపించే పద్యం అక్కడ పెన్సిలుతో రాసుకొచ్చిందే.

పాత తెలుగు పుస్తకాలు ఇంట్లో కూర్చుని కూడా బోలెడు దొరుకుతాయి. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలన్న తలంపు వెనక ఉన్నది మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు, కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్నాయన. అలా స్కాన్ అయిన తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత సైటులో ఉన్నాయి. కాకపోతే పేర్లు ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. దీర్ఘాలు, వత్తులు గాలికి పోయాయి. ఒక పుస్తకం కోసం నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకాలి. వెతుకుతుంటే అడగనివి మూడు దొరుకుతాయి. అబిడ్స్ జబ్బు ఇక్కడా ఉంది.

*2003లో ‘బారిస్టర్ పార్వతీశం’ గురించి “నవ్వు రాలేదు, అతిగా ఉంది” అని రాశారు. ఇప్పుడు దాని కింద ఇంకోలా రాశారు. పాతది తీసేయకూడదా? చదివేవాళ్లకు గందరగోళం.*
– ఒక పాఠకుడు, నరసాపురం

మొగల్తూరు మీకు పొలిమేర, కోపం రావడం న్యాయమే.

మొక్కపాటి వారి పుస్తకం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరి, మద్రాసులో దొరటోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొనుక్కుంటాడు. 22 ఏళ్లప్పుడు నాకది నమ్మబుద్ధి కాలేదు. ఎంత పల్లెటూరివాడైనా టోపీ మగదో ఆడదో తెలియదా అనుకున్నాను.

2008 జనవరిలో కంపెనీ పని మీద నన్ను న్యూజెర్సీ పంపారు. పెట్టెలో ఆవకాయ సీసా నాలుగు పొరలు చుట్టి పెట్టుకున్నాను గానీ, చలికోటు పెట్టుకోలేదు. దిగిన మర్నాడు దుకాణానికి పోయి, ధర చూసి గుండె ఆగి, చివరికి చవగ్గా ఉన్న ఊదారంగు కోటు ఒకటి కొన్నాను. నా ఎత్తు అయిదడుగులు కూడా లేదు లెండి, సరిగ్గా సరిపోయింది. దాన్నేసుకుని రెండు వారాలు ఆఫీసుకు వెళ్లాను. ఒకరోజు లిఫ్టులో ఒకావిడ “మా పాపకూ ఇదే ఉంది” అంది. అప్పుడు మెడ దగ్గర చీటీ చూశాను. పదేళ్ల పిల్లల కోటు.

పోయిన నవంబరులో మెట్రోలో టోపీ ఘట్టం మళ్లీ చదువుతూ పైకే నవ్వాను. పక్కన నిలబడ్డ కుర్రాడు ఇయర్‌ఫోన్ తీసి చూశాడు. ఆ రాత్రి సైటు తెరిచాను. పాత ముక్క తీసేద్దామనే తెరిచాను. చెరిపేస్తే ఆ కోటు కథకు తల లేకుండా పోతుంది. అందుకని 2003 మాట అలాగే ఉంచి, కింద గీత గీసి, తేదీ వేసి కోటు సంగతి రాశాను. ఇకపై నా అభిప్రాయం మారినప్పుడల్లా ఇలాగే చేస్తాను. అచ్చుతప్పులు మాత్రం చెప్పాపెట్టకుండా దిద్దేస్తాను.

*మీ సైటులో తప్పు చూపిస్తే 16 రూపాయలు ఇస్తారని ఉంది. ఆ అంకె ఏమిటి? నేను మూడు తప్పులు పంపితే 32 రూపాయలే వచ్చాయి.*
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

మాస్టారూ, నమస్కారం. అంకె నాది కాదు, డొనాల్డ్ కనూత్ అనే పెద్దాయన దగ్గర్నుంచి ఎత్తుకొచ్చింది. ప్రోగ్రామింగ్ మీద ఆయన 1968 నుంచి సంపుటాలుగా ఒకే పుస్తకం రాస్తున్నారు, ఇంకా పూర్తి కాలేదు. 1977లో రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు వస్తే, అక్షరాలు బాగాలేవని రాయడం ఆపి, అచ్చు కూర్చడానికి ‘టెక్’ అనే ప్రోగ్రామ్ తయారుచేయడానికి కూర్చున్నారు. ఆయన పుస్తకాల్లో తప్పు చూపిస్తే 2 డాలర్ల 56 సెంట్లు ఇస్తారు. కంప్యూటర్లకు ఇష్టమైన పదహార్ల లెక్కలో, అంటే పదులకు బదులు పదహార్లుగా లెక్కపెడితే, 256ను 100 అని రాస్తారు. వంద సెంట్లంటే డాలరు. అదీ లెక్క. మోసాల భయంతో 2008 నుంచి నిజం చెక్కులు మానేసి, లేని దేశపు లేని బ్యాంకు పేరుతో సర్టిఫికెట్లు పంపుతున్నారు. అవి వచ్చినవాళ్లు ఫ్రేములు కట్టించుకుంటారు.

అదే లెక్కలో 16ను 10 అని రాస్తారు. నా తాహతు పది రూపాయలు. నేను యూపీఐలో పంపుతాను కాబట్టి ఫ్రేము కుదరదు. పోయిన ఏడాది 14 తప్పులు వచ్చాయి, 11 ఒప్పుకున్నాను, 176 రూపాయలు ఖర్చు. 143 మార్పుల్లో నాకు అన్నిటికంటే సంతోషంగా అనిపించిన ఖర్చు ఇదే.

మీ మూడింటిలో మొదటిది, పార్వతీశం 1934 నాటిదని నేను రాయడం. శుద్ధ తప్పు, 16. రెండోది, 41 పేజీలూ పైకి చదివానని గొప్పలు చెప్పిన తర్వాత కూడా ఒక చోట ‘ఆవెు’ మిగిలిపోవడం. 16. మూడోది, నేను ‘చేసాను’ అని రాశాననీ ‘చేశాను’ అనాలనీ. దీనికి ఇవ్వను మాస్టారూ. మా ఇంట్లో, మా అమ్మమ్మ ఉత్తరాల్లో అది ‘చేసాను’ అనే ఉంది. ఈ పత్రికలో ‘చేశాను’ అని కనిపిస్తోంటే అది ఉపసంపాదకుల చలవ. నా సైటులో ఉపసంపాదకులు లేరు.

దానికి మీరు కోపగించి, ఒప్పుకోని తప్పు ఉండగా ఒప్పుకున్న తప్పులకు డబ్బు పుచ్చుకోవడం పద్ధతి కాదంటూ ఆ 32 కూడా వెనక్కి పంపారు. అప్పట్నుంచి నా ఖర్చుల పట్టికలో ఆ అంకె ఏ వరసలో వేయాలో తెలియడం లేదు. ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?